మనిషి దూర్తడా?

చచ్చిపోయిన మనిషికి కోటు తొడిగారు.

క్లబ్‌హౌస్ గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూసి మొదట ఇంకెవరో అనుకున్నాను. నల్ల కోటు, ఎర్ర టై, వెనకాల నీలం ఆకాశం, పైన ఒక మూల మా పాత కంపెనీ గుర్తు. మొహం మాత్రం మా సార్‌ది. గుర్తింపు కార్డు ఫొటోలోంచి తల కత్తిరించి, ఫొటో స్టూడియోల్లో అందరికీ తొడిగే ఆ రెడీమేడ్ కోటు మీద అతికించారు. మెడ దగ్గర అతుకు కూడా సరిగా కుదరలేదు. కింద ‘మా సంస్థకు బిమ్ సాంకేతికతను తెచ్చిన దార్శనికుడికి అశ్రునివాళి’ అని రాయించారు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

కోటు అంటే ఆయనకెంత మంటో ఆ కంపెనీలో తెలియనివాళ్లు లేరు. తెలిసే తొడిగారంటే పొగరు. మర్చిపోయి తొడిగారంటే అది పొగరు కంటే అన్యాయం. ఆ కోటు గొడవ అర్థం కావాలంటే ముందు మేం చేసే పని ఏమిటో చెప్పాలి.

ఇల్లు నేలమీద కట్టకముందు కంప్యూటర్లో కట్టడం మా పని. ఉత్తి బొమ్మ గీసి వదిలేయడం కాదు. స్తంభాలు, దూలాలు, గోడలు, గోడల్లో పోయే కరెంటు గొట్టాలు, నీళ్ల పైపులు, అవి ఎంత లావు, ఎక్కడ వంపు తిరుగుతాయి, అన్నీ అందులో ఉండాలి. దీన్ని బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అంటారు. అంత పేరు ఎవరు పలుకుతారు, బిమ్ అనేస్తాం. ఇలా కట్టుకుంటే పైపు వెళ్లి దూలానికి గుద్దుకునే చోటు ముందే దొరికిపోతుంది. కంప్యూటర్ దాన్ని ఎర్రగా చూపిస్తుంది. దాన్ని క్లాష్ అంటాం. సైటులో సుత్తి పెట్టి బద్దలు కొట్టుకునే బదులు తెరమీదే పక్కకు జరుపుకుంటాం.

శామీర్‌పేట చెరువు వైపు లేచిన, ఆ క్లబ్‌హౌస్ ఉన్న టవర్లకు మా సార్ బిమ్ మేనేజరు. నేను ఆయన దగ్గర మోడలర్ని. నేను పేట్ బషీరాబాద్ నుంచి స్కూటీ మీద వచ్చేదాన్ని. ఆయన గౌడవెల్లి నుంచి బండి మీద వచ్చి, హెల్మెట్ తీయకుండానే ఎవరినో ఒకరిని తిడుతూ లోపలికి అడుగుపెట్టేవారు. హెల్మెట్ లోంచి ఆ తిట్లు సగమే వినపడేవి. ఆ సగం చాలు, తగలాల్సినవాడికి తగిలేది.

కోపిష్టి మనిషి. ప్రింటరు ఆగితే కోపం, అది పనిచేస్తుండగా పక్కన నిలబడి ఎవరైనా కబుర్లు చెబితే కోపం. “గీ టీ ఏంది, ఇంత సల్లగున్నది? బోరింగుల నీళ్లు పోసినవా?” అని కాంటీన్ ఆయన్ని రోజూ అడిగేవారు. అడిగి, అదే టీ చివరి చుక్క దాకా తాగేవారు. ఆయన చేతిలో ఎప్పుడూ కొలతల టేపు ఉండేది. మాట్లాడుతూ దాన్ని లాగడం, వదలడం. అది టప్పున లోపలికి వెళ్లిన చప్పుడుతో ఆయన వాక్యం అయిపోయినట్టు మాకు తెలిసేది.

ఇంకో అలవాటు ఉండేది. ఎక్కడికి వెళ్లినా మోచేయి వంచి, పిడికిలి బిగించి, గాలిలో కనపడని నట్టు ఏదో బిగిస్తున్నట్టు మణికట్టు తిప్పేవారు. మా కొలీగ్ పెళ్లికి వెళ్తే ఫంక్షన్ హాల్లో చేతులు కడుక్కునే తొట్టి కింద వంగి, చెయ్యి పెట్టి తిప్పి చూశారు. పెళ్లికూతురు వాళ్ల మేనమామ కంగారుపడి, “ఏమన్న పడిపోయిందా సార్, ఉంగరమా?” అని అడిగాడు. “ఉంగరం గాదు. ఖరాబైతే మనిషి చెయ్యి ఎట్ల ఆడ్తదో సూస్తున్న. ఆడనే ఆడది,” అని చెప్పి, ఆ మేనమామే అది కట్టినట్టు అతని వంక కోపంగా చూసి, భోజనానికి వెళ్లిపోయారు.

మా మోడల్లో ఏ మూల చూపించినా ఆయన అడిగేవి ఆ రెండే. మనిషి దూర్తడా? చెయ్యి ఆడ్తదా? పైపుకీ దూలానికీ మధ్య ఖాళీ నిబంధనల ప్రకారం ఉంది కదా సార్ అని నేను ఒకసారి వాదించాను. “పైపుకు సరిపోయింది బిడ్డా. పైపును బాగుచేసేటోనికి సరిపోయిందా? నల్లా దానంతట అదే బాగైతదా?” అన్నారు. ఎందుకు సార్ మీకింత పట్టింపు అని ఇంకోసారి అడిగితే, ఏదో చిన్నప్పటి కథ చెబుతారేమో అని ఎదురుచూశాను. ఆయన నా వంక వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. “ఎందుకేంది? మనిషి గాడా?” అన్నారు. టేపు టప్పుమంది.

కోటు సంగతి ఇప్పుడు వస్తుంది. బాత్రూముల పక్కన కింది నుంచి పైదాకా పైపులు పోవడానికి ఒక సన్నటి సందు వదులుతాం. దాన్ని షాఫ్టు అంటారు. అందులోకి మనిషి దిగి పనిచేయాలి. మనిషి పడతాడో లేదో చూడటానికి, సాఫ్ట్‌వేర్‌తో వచ్చే మనిషి బొమ్మను తెచ్చి ఆ షాఫ్టులో నిలబెట్టాను. సన్నగా, పొడుగ్గా, కోటు వేసుకుని, చేతిలో బ్యాగుతో ఎయిర్‌పోర్టుకు వెళ్తున్నట్టున్నాడు. సార్ తెర దగ్గరికి వచ్చి కళ్లు చిట్లించి చూశారు.

“ఎవడు బిడ్డా ఈడు?”

“కొలత కోసం సార్. మనిషి.”

“గీ కోటేసుకున్నాయన మన షాఫ్టుల దిగుతడా? నల్లా లీకయితె ఫోన్ చేస్తె వస్తడా? తియ్యి. మల్లేష్‌ను పిలు.”

మల్లేష్ మా సైటు ప్లంబర్ల మేస్త్రీ. మంచి బొద్దుగా ఉండేవాడు, పొట్ట ముందుకు, భుజాలు అటూ ఇటూ. సార్ అతన్ని ఆఫీసు నడిమధ్య నిలబెట్టి, దర్జీలా చుట్టూ తిరుగుతూ కొలిచారు. నడుముకు సామాను సంచీ కట్టించి మళ్లీ కొలిచారు. పానా పట్టుకుని చెయ్యి పైకెత్తమని, వంగమని, పక్కకు తిరగమని కొలిచారు. మల్లేష్ సిగ్గుతో చచ్చిపోయాడు. “సార్, పెండ్లికి గుడ నన్ను గింత కొల్వలే,” అన్నాడు. పక్కనున్న సైటు ఇంజనీరు నవ్వుతూ, అతను కొంచెం సన్నబడితే మనకు పని తగ్గుతుంది కదా సార్ అన్నాడు. సార్ అతని మీదికి తిరిగారు. “ఆడు బువ్వ తినుడు బంద్ వెట్టాల్నా, నువ్వు గోడను జర జరుపాల్నా? ఏది అల్కగైతది జెప్పు.” ఇంజనీరు నవ్వు ఆపేశాడు.

ఆ కొలతలతో నేను మల్లేష్‌ను తయారుచేశాను. ప్రతి అంతస్తులో, ప్రతి షాఫ్టులో నిలబెట్టాను. మోడల్లో అతని పేరు మల్లేష్ అనే పెట్టమన్నారు సార్. దాంతో క్లాష్ రిపోర్టులో ‘పైపుకూ దూలానికీ క్లాష్’ అని వచ్చినట్టే ‘పైపుకూ మల్లేష్‌కూ క్లాష్’ అని రావడం మొదలైంది. మీటింగుల్లో పెద్ద తెరమీద ఆ పేరు పడగానే అందరూ పకపకా నవ్వేవాళ్లు. మల్లేష్ కూడా టీ టైములో వచ్చి, “మేడం, ఇయ్యాల నేను యాడ ఇర్కిన?” అని అడిగిపోయేవాడు. నవ్వుతూ నవ్వుతూనే గోడలు జరిపాం, పైపులు వంచాం. ఆ ఎరుపులు ఒక్కొక్కటే పోతుంటే, నేను చేసిన ఉద్యోగాల్లో మొదటిసారి నా పని ఎవడో ఒకడికి ఊపిరాడటానికి ఉపయోగపడుతోందని అనిపించింది.

అక్కడితో ఆగితే ఈ మాటలు రాసే అవసరమే ఉండేది కాదు.

ఎండీ గారికి బిమ్ అంటే మహా మోజు. మోజంతా కళ్లజోడు మీద. సేల్స్ ఆఫీసులో కొనడానికి వచ్చినవాళ్ల కళ్లకు ఒక పెద్ద జోడు తగిలిస్తే, వాళ్లు ఇంకా కట్టని ఇంట్లో తిరిగినట్టు ఉంటుంది. సోఫాలు, పూలకుండీలు, బాల్కనీలోంచి చెరువు. పైపులు కనపడకుండా చేయమని మాకు కబురొచ్చింది. “సెల్లెను జూపిచ్చి అక్కతోని పెండ్లి జేసినట్టు,” అని సార్ గొణిగారు కానీ చేయించారు. ఒకరోజు నేను పుట్టిన వైపు నుంచే వచ్చిన ఒకావిడ ఆ జోడు పెట్టుకుని తిరుగుతూ బాత్రూం తలుపు దాటి ఎక్కడో దూరిపోయి, “ఏవండీ, మా గోడలో ఎవరో మగమనిషి ఉన్నాడేంటండీ?” అని కేక పెట్టింది. సేల్స్‌వాళ్లు పరుగున వచ్చి మా సార్‌ని లాక్కుపోయారు.

“మీ ఇంటి మనిషేనమ్మా,” అన్నారు సార్. “నీళ్లు గారితె మీరు పిలిచేది గాయన్నే. వస్తె నిలవడెటందుకు జాగ ఇడిసినం.”

ఆవిడ జోడు తీసి, “అయితే ఉండనివ్వండి పాపం,” అంది.

కొనుక్కునే మనిషికి అర్థమైంది. అమ్మేవాళ్లకు మాత్రం మల్లేష్ మీద అప్పటి నుంచి కంటగింపు. గోడలో మనిషి ఉన్నాడంటే బేరం చెడుతుందట. కొన్నాళ్లకు పడకగదులు ఇంకొంచెం విశాలంగా కనపడాలని పైనుంచి ఆదేశం వచ్చింది. చోటు ఎక్కడి నుంచి తేవాలి? స్తంభం ఇవ్వదు. దూలం ఇవ్వదు. నోరులేనిది షాఫ్టు. దాన్ని కోశారు. మరుసటి రోజు రిపోర్టు తీస్తే తెర మొత్తం ఎర్రబడింది. అడుగడుగునా మల్లేష్ ఇరుక్కున్నాడు.

అదే సమయానికి, మా ప్రాజెక్టు పూర్తిగా బిమ్‌తో కడుతున్నదని గొప్పగా ప్రకటించుకోవడానికి సభ పెట్టుకున్నారు. రిపోర్టులో క్లాషులు సున్నా ఉండాలి. మీటింగులో ఎండీ గారు ఆ ఎరుపు చూసి మొహం చిట్లించి, చాలా మర్యాదగా, “ఆ మనిషిని తీసేస్తే సరిపోతుంది కదండీ,” అన్నారు.

“ఎవలను సార్?” అన్నారు మా సార్. “మల్లేష్‌నా, నన్నా?”

“అబ్బే, బొమ్మనండీ. ఉత్త బొమ్మే కదా.”

“బొమ్మ దుమ్ము వడ్తె తుడ్వొచ్చు సార్. షాఫ్టుల దిగేది బొమ్మ గాదు. గోడ జరుపుండ్రి, రెడ్డు అదే పోతది.”

ఎండీ గారు నవ్వి టాపిక్ మార్చారు. మా చేత చేయించలేదు. సిటీ ఆఫీసులో ఒక కన్సల్టెంటు కూర్చుని, మా మోడల్ తెరిచి, మల్లేష్‌లందరినీ ఏరి ఒక్కసారిగా డిలీట్ కొట్టాడు. క్లాషులు సున్నా. సున్నా బొమ్మతో కేకు చేయించారు. ఆ కేకు ఫొటో ఇప్పటికీ వాళ్ల గోడమీద ఉంది. బిమ్ తెచ్చుకోవడమంటే ఏమిటో ఆ సభలో చాలామంది చాలా చెప్పారు. నాకు తెలిసినంతలో వాళ్లు తెచ్చుకున్నది ఒక తుడిచే గుడ్డ. కనపడకూడనిది తుడిచేసుకోవడానికి అంతకంటే ఖరీదైన గుడ్డ దొరకదు.

సార్ కేకు దగ్గరికి రాలేదు. మర్నాడు మోడల్ తెరిచి, ఒక్కో షాఫ్టూ దిగుతూ పోయారు. తిడతారని చూశాను. తిట్టలేదు. టేపు కూడా లాగలేదు. ఆ రోజు ఆఫీసులో అందరికీ భయం వేసింది.

కొద్దిరోజులకు ఎండీ గారు ఎవరో పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని సైటు చూపిస్తుంటే, సార్ ఎదురెళ్లి, “సార్, జర గిటు రండ్రి,” అన్నారు. కొత్త కొలతతో కట్టిన షాఫ్టు దగ్గరికి తీసుకెళ్లారు. మల్లేష్, నేను వెనకాలే ఉన్నాం. సార్ హెల్మెట్ తీసి నేలమీద పెట్టి, పక్కకు తిరిగి, ఆ సందులోకి తనే దూరారు. ఆయన సన్నటి మనిషి. అయినా ఒక భుజం వెళ్లి ఛాతీ దగ్గర ఆగిపోయింది. లోపలి నుంచి ఆయన గొంతు పైపులో మాట్లాడినట్టు వచ్చింది.

“చెయ్యి లేస్తలేదు సార్. పానా వట్టుకుంటె గీడనే ఉండిపోతది. మీ రిపోర్టుల సున్న ఉన్నది గదా. మరి నేను గిట్లెట్ల ఇర్కిన?”

పెద్దమనుషులు చెరువు వైపు చూశారు. ఎండీ గారు అదే మర్యాదతో, “బయటికి రండి, బట్టలు పాడవుతాయి,” అన్నారు.

మల్లేష్ నడుము పట్టుకుని లాగితే బయటికొచ్చారు. చెంపకు సిమెంటు, చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. ఎండీ గారి వంక చూశారు. అంత కోపం ఉన్న మనిషికి ఆ క్షణంలో నోటికి ఒక్క తిట్టూ రాకపోవడం నేను క్షమించలేను. ఆ వారంలోనే మానేశారు. వ్యక్తిగత కారణాలు అని ఆఫీసువాళ్లు మెయిల్ పంపారు. ఆయన మీద కూడా నాకు కోపమే. అంత అరిచే మనిషి, అరవాల్సిన రోజున బండి స్టార్ట్ చేసుకుని గౌడవెల్లి వెళ్లిపోయారు. టీ గురించి రోజూ అరవడం వల్ల, షాఫ్టు గురించి అరిచింది కూడా ఆయన తిక్కలో కలిపేసుకున్నారు అందరూ. నేనూ ఆ తర్వాత ఎక్కువ రోజులు అక్కడ లేను. కొంపల్లిలో ఇంకో ఆఫీసులో చేరాను.

ఒక్కసారి మేడ్చల్‌లో టిఫిన్ సెంటర్ దగ్గర కనపడ్డారు. ఇడ్లీ ప్లేటు బల్లమీద వదిలేసి, వాష్‌బేసిన్ కింద వంగి ఉన్నారు. నన్ను చూసి లేచి, చెయ్యి తుడుచుకుని, “మల్లేష్ ఎట్లున్నడు?” అన్నారు. నేనెలా ఉన్నానో అడగలేదు. టవర్లు పూర్తయ్యాయని, అతన్ని అక్కడే మెయింటెనెన్సులో పెట్టుకున్నారని చెప్పాను. ఆయన చెయ్యి గాలిలో లేచి, నట్టు బిగిస్తున్నట్టు సగం తిరిగి ఆగింది. “గా షాఫ్టులల్లకు దిగుతుండా?” అని, “పైలం అను,” అన్నారు. సార్ జాగ్రత్తగా ఉండమన్నారని ఆ సాయంత్రమే మల్లేష్‌కు ఫోన్ చేసి చెప్పాను. “పైలంగనే ఉన్న మేడం,” అని మల్లేష్ నవ్వాడు. సార్ మాట నేను చివరిసారి విన్నది ఆ టిఫిన్ సెంటర్ దగ్గరే. గుండెపోటుతో పోయారని తర్వాత మెసేజ్ వచ్చింది.

సంతాప సభ ఆ టవర్ల క్లబ్‌హౌస్‌లోనే. హాలు నిండా కుర్చీలు, మోకాళ్లు తగులుతున్నాయి. తెరమీద మా మోడల్ తాలూకు వీడియో తిరుగుతోంది. సోఫాలు, పూలకుండీలు, చెరువు. తెర పక్కన కోటు ఫొటోకు దండ. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను, ఎందుకంటే అక్కడ గోడకు ఆనుకుని మల్లేష్ నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి గుడ్డతో మెడకు వేలాడేసి ఉంది.

“షాఫ్టుల ఇర్కిన మేడం,” అన్నాడు మెల్లగా. “పైప్ జాయింట్ కారుతాందంటె ఊపిరి వట్టి బలిమికి దిగిన. భుజం వట్టేసింది, ఇటు రాను, అటు పోను. ఫ్లాటోళ్ల బాత్రూం గోడ పలగ్గొట్టి గుంజిన్రు. నరం తెగిందన్నరు.”

“ఎప్పటికి తగ్గుతుందట?”

“తగ్గుతది. తగ్గినంక వస్తనన్న. వద్దన్నరు. నువ్వు దొడ్డుగున్నవ్, నీతోని గాదు, సన్నటోళ్లను సూస్తున్నం అన్నరు.” ఫొటో వంక చూసి, “సార్‌కు దండం వెట్టుకోని పోదమని వచ్చిన,” అన్నాడు.

సన్నటోళ్లను చూస్తున్నారట. గోడ జరపడం కుదరని కంపెనీకి, ఆ గోడకు సరిపోయే మనుషుల్ని వెతకడం మాత్రం కుదిరింది. ఒకసారి తెరమీంచి తీసేసినవాణ్ని, ఇప్పుడు ఉద్యోగంలోంచి తీసేశారు. ఇంకా ఎక్కడి నుంచి తీసేస్తారో నాకు తెలియదు.

ఎండీ గారు మైకులో మాట్లాడుతున్నారు. ఈ ప్రాంతంలో ఎవరికీ బిమ్ అంటే తెలియని రోజుల్లో ఆయన మాకు నేర్పారు, మా మోడల్ నలుగురికీ ఆదర్శం, ఆయన ఆశయాన్ని ముందుకు తీసుకుపోతాం అన్నారు. అందరూ తలలూపారు. తర్వాత నన్ను చూసి, “ఆయన శిష్యురాలు వచ్చారు, రెండు మాటలు చెబుతారు,” అన్నారు.

మోకాళ్లు తప్పించుకుంటూ ముందుకు వెళ్లాను. మైకు తీసుకుని, ఈ వీడియో ఆపి అసలు మోడల్ తెరవమన్నాను. ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్నతను ఎండీ గారి వంక చూసి, నాకు మాత్రమే వినపడుతుందనుకుని, “మేడం, సాఫ్ట్‌వేర్ రెన్యూ చెయ్యలేదు. వీడియో ఒక్కటే ఉంది,” అన్నాడు. అది కాస్తా మైకులో పడి హాలంతా వినిపించింది.

నేను పుట్టిన వైపు మాట వేరు. ఆయన మాట నా నోట ఎప్పుడూ పలికింది కాదు. ఆ రోజు అదే వచ్చింది. మోచేయి వంచి, పిడికిలి పట్టి, ఎండీ గారి మొహం ముందు మణికట్టు తిప్పాను.

“మనిషి దూర్తడా సార్?” అన్నాను. “మీ షాఫ్టులల్ల మనిషి దూర్తడా? మా సార్ నిలబెట్టిన మల్లేష్ ఏడీ?”

వెనకాల తలుపు దగ్గర ఎడమచెయ్యి ఒకటి లేచింది.

“ఈడనే ఉన్న మేడం,” అన్నాడు మల్లేష్.

తలలన్నీ అటు తిరిగాయి. ఎండీ గారు నా చేతిలోంచి మైకు తీసుకుని, “ఎవరైనా అతనికి ఒక కుర్చీ వేయండి,” అన్నారు. ఎవరో కుర్చీ తెచ్చారు. ఆ వరసల మధ్య దాన్ని ఎటు తిప్పి చూసినా పట్టలేదు.